మెడ నొప్పి, కళ్ళు తిరగడం: కైరోప్రాక్టిక్, న్యూరో రిహాబ్ రెండూ చేయించుకున్నా (నా అనుభవం)

కైరోప్రాక్టిక్ అంటే వెన్ను, మెడ కీళ్ళని చేత్తో కదిపి, నొక్కి చేసే ట్రీట్‌మెంట్. న్యూరో రిహాబ్ అంటే ఎక్సర్‌సైజులతో మెదడుకి మళ్ళీ నేర్పించడం. ఈ రెండు ట్రీట్‌మెంట్ల గురించి నేను వెతికినప్పుడు రెండే రకాల మనుషులు కనిపించారు. ఒక్క సిట్టింగ్‌లో మొత్తం పోయింది అనేవాళ్ళు, అదంతా మోసం డబ్బులు దండగ అనేవాళ్ళు. నాకు ఆ రెండూ జరగలేదు. జరిగింది ఇంకోటి, అది చాలా మెల్లగా జరిగింది, మధ్యలో ముందుకన్నా అధ్వాన్నంగా కూడా అయింది. అందుకే వరసగా రాస్తున్నా, కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

జనవరి చివర్లో సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న మా కార్‌ని వెనక నుంచి ఇంకో కార్ గుద్దింది. పెద్ద స్పీడ్ కూడా కాదు. నా తల దేనికీ తగల్లేదు, మెడ మాత్రం ఒక్కసారి ముందుకీ వెనక్కీ ఊగింది, అంతే. దిగి మాట్లాడుకున్నాం, ఫొటోలు తీసుకున్నాం, ఇంటికొచ్చేశాం. మర్నాడు పొద్దున్న లేస్తే మెడ ఎటూ తిరగట్లేదు, తల వెనక భాగం అంతా బరువు, లైట్ చూస్తే చిరాకు. ఎమర్జెన్సీకి వెళ్తే సీటీ స్కాన్ తీశారు, రక్తం కారడం ఏం లేదు, ఎముకలు బానే ఉన్నాయి అన్నారు. అప్పుడే కంకషన్ అనే మాట మొదటిసారి విన్నా. తల కొట్టుకోలేదు కదా అంటే, కొట్టుకోనక్కర్లేదమ్మా, మెడ అలా ఒక్కసారిగా ఊగినా లోపల మెదడు అదురుతుంది అన్నారు. ఒకటి రెండు రోజులు రెస్ట్ తీసుకుని తర్వాత మెల్లగా నడక, చిన్న చిన్న పనులు మొదలుపెట్టమన్నారు, వారాల తరబడి చీకటి గదిలో పడుకోవడం పాత పద్ధతి అట.

చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుందన్నారు, నాకు సర్దుకోలేదు. ఫిబ్రవరి అయిపోతున్నా మెడ అలాగే ఉంది, దానికి తోడు కొత్తవి మొదలయ్యాయి. పక్క మీద కుడివైపు తిరిగితే గది మొత్తం గిరగిరా తిరిగేది, కొన్ని సెకన్లు, మళ్ళీ మామూలే. సూపర్ మార్కెట్‌లో రెండు వైపులా ర్యాక్‌ల మధ్య నడుస్తుంటే ఒళ్ళు తూలేది. ఫోన్ స్క్రోల్ చేస్తే కడుపులో తిప్పేది. ఆఫీస్‌లో రెండు మానిటర్లు మార్చి మార్చి చూస్తే మధ్యాహ్నానికి తలనొప్పి. డ్రైవింగ్ మానేశా, లేన్ మారేటప్పుడు మెడ తిప్పి చూడాలంటే భయం.

ఫ్యామిలీ డాక్టర్ న్యూరాలజిస్ట్‌కి రాసిచ్చారు, ఆ అపాయింట్‌మెంట్ దొరకడానికే నెల దాటింది. మార్చి మధ్యలో ఎంఆర్‌ఐ, అదీ నార్మల్. నార్మల్ అని విన్నప్పుడు సంతోషం ఒక నిమిషం ఉంటుంది, ఆ తర్వాత మరి నాకేమైంది అనే ప్రశ్న మొదలవుతుంది. ఇంట్లోవాళ్ళు కూడా ఎంత మంచోళ్ళైనా సరే, రిపోర్ట్ నార్మల్ అనేసరికి నిన్ను చూసే చూపు కొంచెం మారుతుంది. మా ఆయన ఏమీ అనలేదు కానీ ఇంకా తగ్గలేదా అని అడగడం మానేశారు, అది నాకు ఇంకా బాధేసింది. న్యూరాలజిస్ట్ మాత్రం సూటిగా చెప్పారు, ఎంఆర్‌ఐలో కనిపించేది వేరు, నీకున్న ఇబ్బంది వేరు, మెడకి ఎవరైనా చేత్తో పనిచేసేవాళ్ళు కావాలి, కళ్ళు తిరగడానికి వెస్టిబ్యులర్ రిహాబ్, అంటే లోపలి చెవి, కళ్ళు, బ్యాలెన్స్ కోసం చేయించే ఎక్సర్‌సైజులు కావాలి అని రెండు లెటర్లు ఇచ్చారు.

రిహాబ్ సెంటర్‌కి ఫోన్ చేస్తే వెయిటింగ్ లిస్ట్, మే మొదటి వారం దాకా ఖాళీ లేదు. కైరోప్రాక్టర్ దగ్గర అదే వారంలో దొరికింది. అంటే నేను ముందు అటు వెళ్ళడానికి కారణం ఆలోచించి నిర్ణయం తీసుకోవడం కాదు, ఎక్కడ ముందు ఖాళీ ఉంటే అక్కడికి వెళ్ళా.

కైరోప్రాక్టర్ మొదటి రోజు గురించి. నేను వెళ్తూనే మంచం మీద పడుకోబెట్టి టకటకా విరిచేస్తారనుకున్నా, ఫోన్‌లో వీడియోలు అలాగే ఉంటాయి కదా. మొదటి రోజు అసలు విరవడమే లేదు. దాదాపు గంట సేపు ప్రశ్నలే. రక్తం పల్చబడే మందులు వాడుతున్నావా, ఎముకలు గుల్లబారాయని ఎవరైనా చెప్పారా, క్యాన్సర్ హిస్టరీ ఉందా, ఇంట్లో చిన్న వయసులో స్ట్రోక్ వచ్చినవాళ్ళు ఉన్నారా, ప్రెగ్నెన్సీ ఏమైనా ఉందా. తర్వాత ఇంకో రకం ప్రశ్నలు, ఒక్కటి రెండుగా కనిపిస్తోందా, మాట తడబడుతోందా, మింగడం కష్టంగా ఉందా, ఉన్నట్టుండి కాళ్ళు పట్టు తప్పి పడిపోయావా, మొహం మొద్దుబారిందా, ఇంతకు ముందెప్పుడూ లేని రకం మెడ నొప్పా ఇది. బీపీ చూశారు, సుత్తితో మోకాళ్ళు మోచేతులు కొట్టి చూశారు, చేతుల బలం, కళ్ళ కదలిక, అన్నీ.

మధ్యలో ఒక కన్సెంట్ ఫామ్ ఇచ్చారు. దాంట్లో మెడ అడ్జస్ట్‌మెంట్ (మెడని ఒక్కసారిగా తిప్పి విరవడం) వల్ల చాలా అరుదుగా స్ట్రోక్ రావచ్చు అని ఒక లైన్. ఫామ్‌లో సంతకం పెట్టేముందు చదివే అలవాటు ఉన్నవాళ్ళు అక్కడ ఆగిపోతారు, నేనూ ఆగా. అడిగితే ఆయన దాచలేదు. మెడలో మెదడుకి వెళ్ళే రక్తనాళాల గోడ చీలితే అక్కడ గడ్డకట్టి స్ట్రోక్ అవ్వచ్చు, అది చాలా అరుదు, పైగా ఆ చీలిక ముందే ఉన్నవాళ్ళు మెడ నొప్పి, తలనొప్పి అనే మా దగ్గరికి వస్తారు కాబట్టి చేయడం వల్ల వచ్చిందా, వచ్చే ముందే ఉందా అని తేల్చడం కష్టం, అందుకే నీలాంటి కేసులో యాక్సిడెంట్ అయి, కళ్ళు తిరుగుతూ ఉంటే నేను ముందు ఆ నాళాలు బాగున్నాయని తెలుసుకోకుండా మెడ మీద చెయ్యి వేయను అన్నారు. న్యూరాలజిస్ట్‌కి ఉత్తరం రాశారు, ఎంఆర్ యాంజియోగ్రామ్, అంటే ఆ రక్తనాళాల స్కాన్ చేయించారు, అది రావడానికి ఇంకో పది రోజులు. విసుగొచ్చింది కానీ ఆ పది రోజులే నాకు ఆయన మీద నమ్మకం కలిగించాయి. ఒకవేళ మీరు వెళ్ళిన చోట కళ్ళు తిరుగుతున్నాయి అని చెప్పినా వినకుండా మొదటి రోజే మెడ పట్టుకుని తిప్పబోతే లేచి వచ్చేయండి, మొహమాటపడొద్దు.

యాంజియోగ్రామ్ బాగానే వచ్చింది, ఏప్రిల్ మొదట్లో అసలు పని మొదలైంది. మొహం పెట్టడానికి కన్నం ఉన్న టేబుల్, దాని మీద పేపర్ పరుస్తారు, బోర్లా పడుకోవాలి. ముందు వీపు పైభాగం, అంటే భుజాల మధ్యలో. ఊపిరి వదలమని, వదిలాక రెండు చేతులతో ఒక్క తోపు. టప్ అని సౌండ్. నొప్పి లేదు, ఉలిక్కిపాటు ఎక్కువ. ఎముక జరిగి సెట్ అయిందా అని అడిగా. నవ్వి, కాదు, కీలులో ఉండే ద్రవంలో గ్యాస్ బుడగలా ఖాళీ ఏర్పడినప్పుడు వచ్చే సౌండ్ అది, 2015లో వేళ్ళ కీళ్ళని ఎంఆర్‌ఐలో పెట్టి చూశారు కూడా, సౌండ్ రాకపోయినా పని అయినట్టే అన్నారు. ఇది తెలుసుకున్నాక సౌండ్ కోసం ఎదురుచూడడం మానేశా.

మెడకి మాత్రం ఆ ఒక్కసారిగా తిప్పేది నేను వద్దన్నా. అది లేకుండా అవుతుందా అని అడిగితే అవుతుంది, కొంచెం టైమ్ పడుతుంది అన్నారు. వద్దు అని చెప్పొచ్చు అనేది చాలామందికి తెలీదు. నా మెడకి చేసింది మెల్లగా అటూ ఇటూ కదపడం, తల వెనక కింది భాగంలో బిగుసుకున్న కండరాలని వేళ్ళతో నొక్కి పట్టుకోవడం, పెన్నులాంటి స్ప్రింగ్ పరికరంతో టిక్ టిక్ మని చిన్న తాకిడి. ఆ పరికరం వల్ల నాకైతే పెద్ద తేడా తెలీలేదు, వేళ్ళతో నొక్కింది మాత్రం, అబ్బ, ఆ రాత్రి ఎన్నాళ్ళకో తలనొప్పి లేకుండా పడుకున్నా. కానీ మర్నాడు ఒళ్ళంతా పచ్చి పుండు. ఒకటి రెండు రోజులు అలా ఉండడం మామూలే అని ముందే చెప్పారు కాబట్టి భయపడలేదు. వెళ్ళిన రోజు సాయంత్రం ఏ పనీ పెట్టుకోకండి, ఎవరినైనా తోడు తీసుకెళ్ళండి, మెడలో గొలుసు, పెద్ద చెవిదిద్దులు తీసేసి వెళ్ళండి, కాలర్ ఉన్న బట్టలు వద్దు.

డబ్బు సంగతి. మొదటి విజిట్‌కి ఎక్కువ, తర్వాత విజిట్‌కి తక్కువ. అసలు ట్రీట్‌మెంట్ పదిహేను ఇరవై నిమిషాలే ఉంటుంది, దానికి అంత అనిపిస్తుంది, మొదట్లో నాకూ అనిపించింది. ముందు ఇంకో చోట ఎంక్వైరీకి వెళ్ళినప్పుడు నన్ను ఇంకా ఎవరూ చూడకుండానే రిసెప్షన్‌లో సంవత్సరం ప్యాకేజీ, ఇప్పుడే కడితే డిస్కౌంట్ అన్నారు, అక్కడి నుంచి వచ్చేశా. ఇక్కడ ఆయన చెప్పింది, నాలుగు వారాలు చూద్దాం, మెడ తిరగడంలో, తలనొప్పిలో తేడా లేకపోతే నేనే ఆపేస్తా. అలా ముందే గీత గీసినవాళ్ళ దగ్గరికే వెళ్ళండి. ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళు డాక్టర్ లెటర్ కావాలా, ఏడాదికి ఎన్ని విజిట్లు ఇస్తారు అనేది మొదటి విజిట్‌కి ముందే కనుక్కోండి, నాకు లెటర్ తేదీ విజిట్ తేదీకన్నా ముందు ఉండాలని తర్వాత తెలిసింది, అదృష్టం కొద్దీ ముందే ఉంది. ఇంకోటి ఎవరూ లెక్కెయ్యనిది, డ్రైవ్ చేయలేం కదా, క్యాబ్ ఖర్చు. ఆ నెలల్లో క్యాబ్‌కే ఒక టెస్ట్ ఫీజంత అయిపోయుంటుంది.

ఏప్రిల్ చివరికి మెడ ఎడమకి బాగానే తిరుగుతోంది, కుడికి ముప్పావు వంతు. తలనొప్పి సగానికి తగ్గింది. కళ్ళు తిరగడం మాత్రం ఇసుమంత తగ్గలేదు. కైరోప్రాక్టరే చెప్పారు, అది నా చేతిలో పని కాదు, రిహాబ్ వాళ్ళ దగ్గరికి వెళ్ళాకే అని. 

ఈ మధ్యలోనే ఇంకో సంగతి జరిగింది, చెప్పాలి. ఎవరో చెప్తే ఇంకో క్లినిక్‌కి వెళ్ళా, వాళ్ళు కైరోప్రాక్టిక్ న్యూరాలజీ అంటారు. గిరగిరా తిప్పే కుర్చీ, గోడ నిండా స్క్రీన్లు, మెదడు రీసెట్ అవుతుంది, వారం రోజులు పొద్దున్నించి సాయంత్రం దాకా ఇంటెన్సివ్, మొత్తం ముందే కట్టాలి. అక్కడ కూర్చున్నాయన న్యూరాలజిస్ట్ అనుకున్నా, కాదు, కైరోప్రాక్టరే, అది వాళ్ళలో వాళ్ళు తీసుకునే స్పెషలైజేషన్, ఎంబీబీఎస్ చదివిన న్యూరాలజిస్ట్‌తో సంబంధం లేదు. వాళ్ళు వాడే ఎక్సర్‌సైజుల్లో కొన్ని మామూలు రిహాబ్‌లో ఉండేవే, కానీ వారంలో నయం అనే హామీకి సరైన స్టడీలు చూపించమంటే పేషెంట్ల వీడియోలు చూపించారు. ఇబ్బందుల్లో ఉన్నప్పుడు అలాంటి మాటలు ఎంత తియ్యగా ఉంటాయో నాకు తెలుసు, కార్డు బయటికి తీయబోయా కూడా, మా ఆయన ఆలోచించుకుని చెప్తాం అని లేపుకొచ్చేశారు.

మే మొదటి వారం, రిహాబ్‌లో మొదటి అసెస్‌మెంట్. గంటన్నర పట్టింది, ఆ రోజు ఇంకేం పెట్టుకోకండి. ముందు 25 ప్రశ్నల ఫామ్, పైకి చూస్తే ఎక్కువవుతుందా, జనంలోకి వెళ్ళడానికి భయమేస్తుందా, చీకట్లో నడవగలవా, దీనివల్ల చిరాకుగా దిగులుగా ఉంటుందా, ఇలా. మొత్తం 100 మార్కులు, ఎక్కువ వస్తే ఇబ్బంది ఎక్కువ అని. నాకు 62. తీవ్రం కిందికి వస్తుంది అని థెరపిస్ట్ అమ్మాయి చెప్తే నాకు ఏడుపొచ్చింది, దిగులుతో కాదు, ఇన్నాళ్ళకి నా బాధకి ఒక నంబర్ ఉంది కదా అని.

తర్వాత కళ్ళకి చీకటి గాగుల్స్ పెట్టారు, లోపల కెమెరా ఉంటుంది, నా కళ్ళు ఆమెకి స్క్రీన్ మీద కనిపిస్తాయి. తల కుడికి 45 డిగ్రీలు తిప్పి పట్టుకుని నన్ను ఒక్కసారిగా వెనక్కి వాల్చి పడుకోబెట్టింది. మెడ అప్పటికి కాస్త తిరుగుతోంది కాబట్టి కుదిరింది, లేకపోతే పక్కకి పడుకోబెట్టే ఇంకో పద్ధతి ఉందట. రెండు మూడు సెకన్లు ఏం లేదు, తర్వాత గది మొత్తం గిరగిరా, నేను టేబుల్ అంచు పట్టుకుని కేకేశా, ఆమె మాత్రం కళ్ళు మూయొద్దు, కళ్ళు మూయొద్దు అంటూ స్క్రీన్ చూస్తూ, దొరికింది అంది. లోపలి చెవిలో క్యాల్షియం కార్బొనేట్ రేణువులు ఉంటాయి, అవి ఉండాల్సిన చోటు నుంచి ఊడి పక్కనున్న గొట్టంలోకి పడితే పక్క మార్చినప్పుడల్లా ఇలా అవుతుంది, దెబ్బ తగిలినవాళ్ళకి ఇది వస్తుంటుంది, ఎంఆర్‌ఐలో కనపడదు. అప్పటికప్పుడే ఆ రేణువుల్ని వెనక్కి పంపే ఎప్లే మెనూవర్ చేసింది, తల అలా వేలాడదీసి, తర్వాత ఎడమకి, తర్వాత పక్కకి దొర్లి ముక్కు నేల వైపు, తర్వాత లేపి కూర్చోబెట్టడం, ఒక్కో భంగిమలో తిరగడం ఆగేదాకా పట్టి ఉంచడం. ఐదు నిమిషాలు కూడా కాలేదు. రెండోసారి చేసి మళ్ళీ పడుకోబెట్టి చూస్తే ఏం తిరగలేదు. ఫిబ్రవరి నుంచి దిండ్లు ఎత్తుగా పెట్టుకుని కూర్చుని నిద్రపోతున్నదాన్ని, ఆ రాత్రి కుడివైపు తిరిగి పడుకున్నా. సంతోషమా కోపమా అంటే రెండూ. ఇన్ని స్కాన్లు తీశారు, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు నన్ను పడుకోబెట్టి చూడలేదే. 

కానీ అది ఒక ముక్క మాత్రమే. మిగతా పరీక్షల్లో ఒక్కటీ సరిగ్గా చేయలేకపోయా. చార్ట్ చదువుతుంటే ఆమె నా తలని అటూ ఇటూ ఊపితే అక్షరాలన్నీ అలుక్కుపోయాయి. పెన్ను కొనని ముక్కు దగ్గరికి తెస్తే అది రెండుగా కనిపించకుండా 5 సెంటీమీటర్ల లోపు దాకా రావాలట, నాకు 14 దగ్గరే రెండైపోయింది. మెత్తటి ఫోమ్ మీద కాళ్ళు దగ్గరగా పెట్టి కళ్ళు మూసుకుని నిలబడమంటే రెండు మూడు సెకన్లకే ఆమె మీద పడ్డా. అన్నిటికన్నా నాకు నచ్చింది లేజర్ టెస్ట్. నుదుటికి లేజర్ లైట్ కట్టి, 90 సెంటీమీటర్ల దూరంలో గోడ మీద బొమ్మ మధ్యలో చుక్క పెట్టి, కళ్ళు మూసుకుని తల పక్కకి తిప్పి మళ్ళీ మధ్యకి తీసుకురా అంటారు. మధ్యకే తెచ్చా అని నాకు పూర్తి నమ్మకం. కళ్ళు తెరిస్తే చుక్క ఎక్కడో ఉంది. 7 సెంటీమీటర్లు దాటితే తేడా ఉన్నట్టు, నాది ప్రతిసారీ దాటింది. అంటే తల ఎక్కడుందో మెదడుకి మెడ చెప్పేది ఒకటి, చెవి చెప్పేది ఇంకోటి, కళ్ళు చెప్పేది ఇంకోటి. కైరోప్రాక్టర్ మెడ మీద చేసిన పనీ, ఈమె చేయబోయే పనీ ఎక్కడ కలుస్తాయో అప్పుడు అర్థమైంది.

మధ్యలో డాక్టర్ లోపలి చెవి ఎలా పని చేస్తోందో చూడ్డానికి వీఎన్‌జీ టెస్ట్ రాశారు, కళ్ళ కదలికని కెమెరాతో రికార్డ్ చేసే టెస్ట్ అది. దీనికి వెళ్ళేవాళ్ళు కాటుక, మస్కారా అస్సలు పెట్టుకోకండి, కెమెరా కంటిపాపని పట్టుకోలేదు. కొన్ని మాత్రలు రెండు రోజుల ముందు ఆపమంటారు, డాక్టర్‌ని అడగకుండా మీరే ఆపకండి. కాఫీ కూడా వద్దన్నారు. దాంట్లో చెవిలోకి 30 డిగ్రీల నీళ్ళు, తర్వాత 44 డిగ్రీల నీళ్ళు పోస్తారు, రెండు చెవులకీ, కావాలనే కళ్ళు తిరిగేలా. ఒక్కోటి ఒక రెండు నిమిషాలు నరకం, తర్వాత పోతుంది. రెండు చెవుల మధ్య పెద్ద తేడా లేదు, చెవి పని చేస్తోంది, దాన్ని వాడుకోవడమే మెదడుకి మళ్ళీ నేర్పాలి అన్నారు.

నేర్పడం అంటే ఏంటో చెప్తా. కళ్ళు తిరగడం తగ్గాలంటే రోజూ కొలత ప్రకారం కావాలనే కళ్ళు తిరిగేలా చేసుకోవాలి. ఇదీ ట్రీట్‌మెంట్. గోడకి ఒక అక్షరం అతికించి, చెయ్యి చాపినంత దూరంలో కూర్చుని, చూపు అక్షరం మీదే పెట్టి తల కాదు కాదు అన్నట్టు ఊపడం, అక్షరం చెదరకూడదు. ఒక నిమిషం, తర్వాత రెస్ట్, తర్వాత పైకీ కిందికీ. రోజంతా కలిపి 20 నిమిషాలు అవ్వాలంది. ఫోన్‌లో మెట్రోనోమ్ (ఒకే స్పీడ్‌లో టిక్ టిక్ మనే యాప్) పెట్టుకుని ఆ టిక్కుకి తగ్గట్టు. అలవాటయ్యాక నిలబడి, తర్వాత ఫోమ్ మీద, తర్వాత గళ్ళ దుప్పటి వెనకాల వేలాడదీసి దాని ముందు. మూడు పూసలున్న తాడు ముక్కు దగ్గర పట్టుకుని ఒక్కో పూసనీ చూడడం, కళ్ళు దగ్గరికి రావడానికి. లేజర్ కట్టుకుని గోడ మీద గీతల వెంట తల నడిపించడం. వరండాలో తల అటూ ఇటూ తిప్పుతూ నడవడం.

అసలు కీలకం మోతాదు. మొదలుపెట్టే ముందు ఇబ్బంది పదిలో ఎంత ఉందో రాసుకోవాలి. చేశాక దానికన్నా రెండు పెరగొచ్చు, పదిహేను ఇరవై నిమిషాల్లో మళ్ళీ పాత నంబర్‌కి రావాలి. అసలు పెరగకపోతే చేసింది సరిపోలేదు, రెండు మూడు గంటలు అలాగే ఉంటే ఎక్కువైంది, స్పీడ్ తగ్గించు. ఈ ఒక్క రూల్ తెలియకపోవడం వల్లే చాలామంది మధ్యలో మానేస్తారని ఆ అమ్మాయి అంది. ఇంకో ఆశ్చర్యం, కళ్ళు తిరగకుండా ఉండడానికి ఎమర్జెన్సీలో ఇచ్చిన మాత్రలు అప్పటికీ వేసుకుంటున్నా, అవి వేసుకుంటే మెదడు నేర్చుకోవడం ఆలస్యమవుతుందని డాక్టర్‌తో మాట్లాడి మెల్లగా ఆపించింది.

మొదటి రెండు మూడు వారాలు ఘోరం. ఎక్సర్‌సైజ్ చేసి సోఫాలో పడి ఉండేదాన్ని, పిల్లాడు టీవీ పెడితే అరిచేదాన్ని. మా అత్తయ్య చూసి చూసి, తగ్గించుకోడానికి వెళ్ళి తెచ్చుకుంటున్నావేంటమ్మా, మానెయ్యరాదూ అనేవారు. జవాబు లేదు నా దగ్గర, నాకూ అదే అనుమానం. థెరపిస్ట్‌కి ఫోన్ చేసి ఏడిస్తే నా నోట్‌బుక్ ఫొటోలు పంపమంది, చూసి, చేశాక పెరుగుతోంది కానీ తగ్గడానికి పట్టే టైమ్ చూడు, మొదటి వారం గంట, ఇప్పుడు అరగంట అంది. నేను నంబర్ పెరగడమే చూస్తున్నా, తగ్గే టైమ్ చూడలేదు. ఆ తర్వాత ప్రతిరోజూ అదే చూసుకునేదాన్ని.

ట్రెడ్‌మిల్ కూడా ఉంటుందని నాకు తెలీదు. ఛాతీకి హార్ట్ రేట్ బెల్ట్ కట్టి నడిపించారు, ప్రతి నిమిషం ఎత్తు పెంచుతూ, తలనొప్పి ఎప్పుడు ఎక్కువవుతుందో చూడ్డానికి. నాకు 138 దగ్గర ఎక్కువైంది, ఆపేశారు. దానిలో 80 శాతం, అంటే 110 దగ్గర రోజూ 20 నిమిషాలు నడువు అన్నారు. కంకషన్ తర్వాత గుండె వేగం పెరిగితే తలనొప్పి వస్తుందని, దాని కింద కింద నడుస్తూ ఆ హద్దుని పైకి జరపాలని. పూర్తి రెస్ట్‌కన్నా ఇదే మంచిదంట. నిద్ర మొదట బాగుపడింది దీంతోనే.

మెడ కూడా వదల్లేదు, కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్తూనే ఉన్నా కానీ ఇద్దరూ ఒకే రోజు కాకుండా చూసుకోమన్నారు, ఎందుకంటే మర్నాడు ఎక్కువైతే ఎవరి వల్లో తెలీదు. ఈ సలహా చిన్నదే, బాగా పనికొచ్చింది. ఇద్దరికీ ఒకరి రిపోర్ట్ ఒకరికి నేనే మోసేదాన్ని, వాళ్ళంతట వాళ్ళు మాట్లాడుకుంటారని అనుకోకండి. 

ఇక్కడ ఒక మాట, మామూలు అధ్వాన్నం వేరు, ప్రమాదం వేరు, ఇద్దరూ నాకు కాగితం మీద రాసిచ్చారు. ఉన్నట్టుండి ఎప్పుడూ లేనంత తలనొప్పి లేదా మెడ నొప్పి, ఒక్కటి రెండుగా కనపడడం, మాట తడబడడం, మొహం ఒక పక్కకి జారడం, ఒక చెయ్యో కాలో బలం తగ్గడం, మింగలేకపోవడం, నడవలేనంత తూలడం, కూర్చునే భాగం మొద్దుబారి మూత్రం మలం మీద పట్టు తప్పడం, వీటిలో ఏది వచ్చినా మాకు ఫోన్ చేయొద్దు, నేరుగా ఎమర్జెన్సీకి అని. ఫ్రిజ్ మీద అతికించి పెట్టుకున్నాం.

జూన్ మధ్యలో మళ్ళీ 25 ప్రశ్నలు. 62 కాస్తా 34. ఈ స్కోర్‌లో 18 పైన తగ్గితేనే నిజమైన మార్పు కింద లెక్కేస్తారట, లేకపోతే ఆ రోజు మూడ్ బట్టి అటూ ఇటూ అయి ఉండొచ్చని. లేజర్ చుక్క చాలాసార్లు హద్దు లోపలే పడుతోంది. సూపర్ మార్కెట్‌కి మొదట ఖాళీ టైమ్‌లో, ఒక్క వరస, బయటికి. తర్వాత రెండు. ఆఫీస్‌కి సగం రోజు. విజిట్లు వారానికి ఒకటి నుంచి రెండు వారాలకి ఒకటికి తగ్గించారు, అసలు పని ఇంట్లోనే కాబట్టి ఎక్కువసార్లు రావడం వల్ల లాభం లేదని వాళ్ళే అన్నారు, ఖర్చూ తగ్గింది.

జులైలో ఒక రాత్రి మళ్ళీ గది తిరిగింది. కాళ్ళు చేతులు చల్లబడ్డాయి, అయిపోయింది, మళ్ళీ మొదటికొచ్చింది అనుకున్నా. కాదు, రేణువులే మళ్ళీ జారాయి, ఇది తిరిగి రావడం మామూలేనట. వెళ్తే మళ్ళీ ఎప్లే చేశారు, పోయింది, ఇంట్లో ఎలా చేసుకోవాలో మా ఆయనకి కూడా నేర్పించారు.

ఆగస్ట్ చివర్లో రిహాబ్ వాళ్ళు డిశ్చార్జ్ చేశారు, స్కోర్ 16. డ్రైవ్ చేస్తున్నా, ముందు పగలు, తెలిసిన రోడ్లు, ఇప్పుడు రాత్రి కూడా. నిద్ర తక్కువైన రోజు, వరసగా మీటింగులున్న రోజు ఇంకా కొంచెం తూలినట్టు ఉంటుంది, ఆ రోజు గోడ మీద అక్షరం ముందు రెండు నిమిషాలు ఎక్కువ కూర్చుంటా. వేగంగా స్క్రోల్ చేయడం ఇప్పటికీ పడదు. కైరోప్రాక్టర్ దగ్గర ఆఖరిసారి వెళ్ళినప్పుడు రిసెప్షన్‌లో నెలకోసారి మెయింటెనెన్స్‌కి రాసుకోమంటారా అని అడిగారు. లోపలికెళ్ళి ఆయన్నే అడిగా, నాకు అవసరమా అని. మెడ బానే తిరుగుతోంది, గడ్డం లోపలికి లాగే ఎక్సర్‌సైజ్ మానకు, మళ్ళీ పట్టేస్తే అప్పుడు ఫోన్ చెయ్ అన్నారు. ఏమీ రాసుకోకుండా వచ్చేశా.